సత్తవ్వ చిన్నమ్మ చూసిన పాట

పొద్దున స్కాన్ గదిలో బల్ల మీద పరిచే కాగితాన్ని చుట్ట నుంచి లాగి చింపుతుంటే, బర్రుమన్న ఆ చప్పుడికి నా చెయ్యి ఆగిపోయింది. బల్ల పక్కన నిలబడ్డ పెద్దాయన "క్యా హువా బెహన్?" అని అడిగాడు. ఏమీ లేదని తల ఊపి ఆయన్ని పడుకోబెట్టాను. కాగితం చిరిగిన చప్పుడు వింటే చాలు, సూరత్‌లో డుమస్ రోడ్డు పక్కన ఒక పచ్చిక మైదానం గుర్తుకొస్తుంది. దూరం దూరంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, వాటిల్లో మూతులు కట్టుకుని కూర్చున్న జనం, వాళ్ళ మధ్యలో మాస్కు తీసేసి లేచి నిలబడ్డ సత్తవ్వ చిన్నమ్మ. కరోనా కాలంలో అందరూ భయపడ్డారు, నిజమే. నేను మాత్రం పుట్టుకతోనే పిరికిదాన్ని. నాకు కరోనా కొత్తగా నేర్పిందేమీ లేదు, ఉన్న భయానికి పేరు పెట్టిందంతే.

సూరత్‌లో మేముండే గల్లీలో సగం మంది తెలంగాణ నుంచి సాంచాల పనికి వచ్చినవాళ్ళే. సాంచాలంటే మరమగ్గాలు. మా నాన్న కూడా ఆ పనికే వచ్చాడు, నేను ఇక్కడే పుట్టాను. సత్తవ్వ చిన్నమ్మ మాకు చుట్టమేమీ కాదు, గోడ అవతల ఉండేది. పెళ్ళైన కొన్నాళ్ళకే భర్త పోయాడు, పిల్లలు లేరు. మా నాన్న పనిచేసే కార్ఖానాలోనే నూలు కండెలు చుట్టే మిషను నడిపేది. ఆ కార్ఖానాలో పక్కన పిడుగు పడ్డా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ గొంతుతో మాట్లాడరు. నోరు బాగా తెరిచి, ఒక్కో మాటనీ పెదవులతో మలిచి చూపిస్తారు. ఈ చివర ఉన్నవాడు ఆ చివర ఉన్నవాడికి ఇంట్లో వండిన కూర దగ్గర్నుంచి ఊళ్ళో పెళ్ళి దాకా చప్పుడు లేకుండా చెప్పేస్తాడు. అన్నేళ్ళు ఆ మోతలో ఉండేసరికి చిన్నమ్మ చెవులు దాదాపు పోయాయి. ఇంట్లో కూడా ఆమె మాట సగం పెదవుల మీదే ఉండేది. "సత్తవ్వతోని కొట్లాట వెట్టుకుంటే మనమొక్కలమే ఒర్రినట్లుంటదమ్మా" అని మా అమ్మ విసుక్కునేది.

కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. మంచినీళ్ళకైనా సరే, మిషను వదిలి కదలాలంటే ముందు పక్కవాళ్ళ కంట్లో పడాలి. వాళ్ళు కంటి కింద వేలు పెట్టి, పెదవులతో "చూస్తున్న" అనాలి. ఆ మాట అందాకే అడుగు వెయ్యాలి. అన్నవాళ్ళు నువ్వు తిరిగొచ్చేదాకా నీ మిషను మీంచి చూపు తిప్పకూడదు. సెలవుల్లో నాన్నకి సద్ది తీసుకెళ్ళినప్పుడు నేను గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసేదాన్ని. ఒకసారి చిన్నమ్మ అటు చూస్తున్నప్పుడు వెనక నుంచి పిలిచాను. తిరగలేదు. చెయ్యి పట్టి లాగితే కసురుకుంది. "జర ఆగవే! మల్లయ్య నీళ్ళకు వొయ్యిండు. చూస్తున్న అన్న గదా!" మల్లయ్య తిరిగొచ్చి తన సాంచా దగ్గర నిలబడ్డాక గానీ నా మొహం చూడలేదు.

నాకు నత్తి ఉండేది. బళ్ళో కొత్త టీచరు పేరడిగితే "స్స్స్" దగ్గరే ఆగిపోయాను, క్లాసంతా గొల్లుమంది. ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, పని నుంచి వస్తున్న చిన్నమ్మ ఎదురుగా చతికిలబడింది. జుట్టు నిండా నూగు. సంగతి విని, కాదు, నా పెదవులు చూసి, "మాట రాకుంటే రాకపాయె. సప్పుడు జెయ్యకుండ చెప్పు" అంది. పెదవులు మాత్రం కదిపాను. స్వప్న. ఎక్కడా తట్టుకోలేదు. నాకే నమ్మబుద్ధి కాలేదు. "మల్ల చెప్పు" అంది. మళ్ళీ వచ్చింది. "సూశినవా, మాట నీ దగ్గర మంచిగనే ఉంది. భయమంత గొంతులున్నది" అని నవ్వింది. ఆ తర్వాత బడి నుంచి రాగానే ఆమె గుమ్మంలో కూర్చోవడం, బళ్ళో జరిగిందంతా ముందు పెదవులతో, ఆ తర్వాత గుసగుసగా, ఆఖర్న గొంతు పెట్టి చెప్పడం, ఇదీ నా చదువు. నత్తి పూర్తిగా పోలేదు. భయమేస్తే ఇప్పటికీ వస్తుంది. కానీ నోరు తెరిచే దాన్నయ్యాను, ఈ ఉద్యోగం దాకా వచ్చాను. అదంతా ఆమె చలవే.

ఇక ఆ మైదానంలో పాడిన జోడీ సంగతి. టీవీలో ఆదివారం పూట ఒక ఆడా మగా వచ్చి పాడేవాళ్ళు. భార్యాభర్తలు కారు, అన్నాచెల్లెళ్ళు కారు. కాగజ్–కైంచీ, అంటే కాగితం–కత్తెర, అని పేరు పెట్టుకున్నారు. మొహాలకి తెల్ల రంగు, పెదవులకి ముదురు ఎరుపు, ఒంటి మీద కాగితంతో కుట్టిన బట్టలు. ఆయన కదలకుండా నిలబడి పాడుతుంటే ఆమె వెనక నిలబడి కత్తెరతో ఆ బట్టలు కోస్తూ పోయేది. పాటయ్యేసరికి నేల మీద ఆ ముక్కలే ఒక చేపో, పడవో అయ్యేవి. "గింత మంచిగ కుట్టినయి కోసుడేందిరా, గీళ్ళకు పిచ్చి లేసిందా?" అని బట్ట నేసే మా నాన్నకి ప్రాణం ఉసూరుమనేది. చిన్నమ్మకి మాత్రం వాళ్ళంటే ఎక్కడలేని ఇష్టం. ఎందుకంటే వాళ్ళు కీలుబొమ్మల్లాగా నోళ్ళు నింపాదిగా, పెద్దగా తెరిచి పాడతారు. దేశంలో పాడేవాళ్ళందరిలో ఆమెకి అర్థమయ్యేది వాళ్ళిద్దరే. "కైంచోళ్ళొచ్చిన్రు, రాయే" అని పిలిచి, టీవీ గొంతు నొక్కేసేది. "నాకు వినవడది, నీకెందుకు?" అనేది. ఇద్దరం చప్పుడు లేని పాటని చూస్తూ కూర్చునేవాళ్ళం. మధ్యమధ్యలో "ఇప్పుడేమన్నడు?" అని నన్ను అడిగేది. తప్పు చెప్తే నెత్తిన మొట్టికాయ. ఆ పాటల మాటలన్నీ నాకు కంఠతా వచ్చాయి, ఒక్కదాని రాగం కూడా తెలియకుండా.

కరోనా వచ్చేనాటికి నేను ఒక ఆసుపత్రిలో స్కాన్ తీసే పనిలో ఉన్నాను. గాజు అద్దం వెనక కూర్చుని ఊపిరితిత్తుల బొమ్మలు చూడటమే పని. నల్లగా ఉండాల్సిన చోట తెల్లటి మబ్బులు కమ్ముకుంటే నాకు వెంటనే తెలిసిపోయేది. వరండాలో నిలబడ్డ ఇంటివాళ్ళకి ఇంకా తెలియదు. వాళ్ళ కళ్ళు తప్పించుకుని నడిచేదాన్ని, ఆపి అడిగితే బాగానే ఉందనేదాన్ని. ఇంటికి వచ్చి మెట్ల కిందే స్నానం చేసి, అమ్మకి దూరంగా గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. ఎవరైనా దగ్గితే చాలు, నాకు ఆ తెల్ల మబ్బులే కనపడేవి. చిన్నమ్మకి అసలే ఆయాసం. ఆమె గోడ అవతల దగ్గినప్పుడల్లా లేచి కూర్చునేదాన్ని.

ఆ మొదటి ఎండాకాలంలోనే మా బిల్డింగులో ఒకాయనకి జబ్బు వచ్చింది. అతనితో కలిసి నీళ్ళ ట్యాంకరు దగ్గర నిలబడ్డ వాళ్ళందర్నీ ఒక హాలులో పెట్టారు. అందులో చిన్నమ్మ ఉంది. అక్కడ అందరికీ మాస్కులే. నర్సులకి, డాక్టర్లకి, పక్క మంచాల వాళ్ళకి, అందరికీ. ఒక్క నోరూ కనపడదు. ఎవరేమడిగినా ఆమె తల ఊపిందట. కార్ఖానాలో మాట అందకపోతే తల ఊపేస్తారు, అడిగినవాడి పని ఆగకుండా. దమ్మొస్తోందా, ఆయాసముందా అంటే ఊపింది, జ్వరముందా అంటే ఊపింది. దాంతో ఆమెని నిజంగా జబ్బు పడ్డవాళ్ళ వార్డుకి మార్చారు. ఎందుకు మార్చారో తెలియదు, ఎప్పుడు వదులుతారో తెలియదు, చుట్టూ మనుషులు చనిపోతున్నారు, ఎవరూ ఏమీ చెప్పరు. అన్నీ చెప్పారు పాపం, ఆమెకే కనపడలేదు. ఏ జబ్బూ అంటకుండానే తిరిగొచ్చింది గానీ మాట మానేసింది. పెదవులు కూడా కదిపేది కాదు. తలుపు గడియ వేసుకుని కూర్చుంది. నేను కిటికీ దగ్గర నిలబడి మాస్కు దించి మాట్లాడబోతే, వద్దు వద్దని చెయ్యి ఊపి మొహం తిప్పుకునేది.

ఆ మరుసటి ఏడాది మొదట్లో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఒకరోజు మందుల షాపు దగ్గర నిలబడి ఉంటే ఎవరో నా భుజం మీద గట్టిగా కొట్టారు. చిన్నమ్మ! గడియ తీసుకుని నా వెనకే వచ్చింది. పక్క షట్టరు మీద అంటించిన పోస్టరు చూపించింది. తెల్ల మొహాలు, ఎర్ర పెదవులు, రెండూ ముసలివైపోయాయి. "కైంచోళ్ళొస్తున్నరు" అంది, గొంతు పెట్టి. అన్ని నెలల తర్వాత ఆమె నోట విన్న మొదటి మాట అది. "నన్ను దీస్కపో."

వద్దన్నాను. నూటొక్క కారణాలు చెప్పాను. మా అమ్మ అయితే నా మీదే విరుచుకుపడింది. "అండ్లకు దమ్ము మనిషిని దీస్కపోతవా? రేపేమన్నైతే ఎవరు జూస్తరు?" కానీ చిన్నమ్మ ఆ రోజు నుంచీ మళ్ళీ గడియ వేసుకోలేదు. గుమ్మంలో కూర్చుని నా రాక కోసం చూసేది, నన్ను చూడగానే కత్తెర ఆడించినట్లు వేళ్ళు ఆడించేది. ఇవాళ వద్దంటే ఆ తలుపు మళ్ళీ మూసుకుంటుంది, ఇక తెరుచుకోదు. తీసుకెళ్తే ఏమవుతుందో రోజూ అద్దం వెనక నుంచి చూస్తున్నదాన్ని నేనే. ఏ వైపు చూసినా భయమే. ఆఖరికి ఆమె ముక్కుకి ఒకదాని మీద ఒకటి మాస్కులు కట్టి, పొరపాటున కూడా తీయనని ఒట్టు పెట్టించుకుని బయల్దేరాను.

రాత్రి కర్ఫ్యూ ఉండటం వల్ల ఎండ పోకముందే మొదలుపెట్టారు. ఆరుబయట, సగం కుర్చీలే. గేటు దగ్గర జ్వరం చూసి, చేతుల్లో శానిటైజరు పోసి పంపించారు. మేం మూడో వరసలో కూర్చున్నాం. పక్కవాడు తుమ్మితే నేను కుర్చీతో సహా జరిగాను. వేదికకి రెండు పక్కలా పెద్ద తెరల మీద వాళ్ళ మొహాలు కనపడుతున్నాయి. పాట మొదలైంది. వాన దారిలో ఉందని తెలిసీ కాగితంతో ఇల్లు కట్టుకున్న మనిషి పాట. మాటలన్నీ నాకు తెలుసు, రాగం మాత్రం అప్పుడే మొదటిసారి విన్నాను. ఇంత నెమ్మదైన పాటా ఇది, నేను హుషారు పాట అనుకున్నానే! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నమ్మ తెర మీంచి చూపు తిప్పడం లేదు. ఆమె మోకాళ్ళ మీద వేళ్ళు ఆడుతున్నాయి. కాసేపు భయం మర్చిపోయాను. ఆ కాసేపే.

తర్వాతి పాటలో ఆయన ఒక్కడే ముందుకొచ్చి నిలబడ్డాడు. జోడీలో ఆమె వెనక్కి చేరి, మెడ దగ్గర్నుంచి కాగితం కోయడం మొదలుపెట్టింది. బర్రుమని ఆ చప్పుడు మైకుల్లోంచి మైదానమంతా వినపడుతోంది. ఉన్నట్టుండి చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా. "ఆడు పాడ్తలేడే" అంది. నాకు అర్థం కాలేదు. పాట హాయిగా వినపడుతూనే ఉంది. "పాట యాడికెల్లొస్తుందో గని ఆడు పాడ్తలేడు. ఊపిరాడ్తలేదంటున్నడు. డర్ లగ్ రహా హై, డర్ లగ్ రహా హై... భయమైతుందని, గదే అంటున్నడు." తెర వైపు చూశాను. చిన్నప్పుడు తిన్న మొట్టికాయలు ఊరికే పోలేదు, నాకూ కనపడింది. రికార్డు చేసిన గొంతు పాడుతోంది. ఆయన ఎర్ర పెదవులు మాత్రం పాటతో కలవకుండా, ఒకే మాట, మళ్ళీ మళ్ళీ. జనం అదీ ఆటలో భాగమే అనుకుంటున్నారు. వాళ్ళ ఆటలే అంత కదా. వెనక ఉన్న ఆమెకి ఆయన మొహం కనపడదు. అంతమంది చూస్తున్నారు, ఆ మనిషి అందరి ముందూ నిలబడి భయంతో చచ్చిపోతున్నాడు.

నేను ఆపేలోపు చిన్నమ్మ లేచి నిలబడింది. మాస్కులన్నీ ఒక్క లాగులో పీకేసింది. "చిన్నమ్మా, ఒట్టు!" అని అరిచాను. ఎవరికి వినపడాలి? కంటి కింద వేలు పెట్టి, నోరంతా తెరిచి, ఒక్కో మాట మలిచి చూపించింది. "మైఁ దేఖ్ రహీ హూఁ." కార్ఖానాలో "చూస్తున్న" అనే మాటే, హిందీలో. మళ్ళీ అదే. మళ్ళీ అదే. అన్ని కట్టుకున్న మూతుల మధ్య ఒక్క నోరు. ఆయన చూపు వెతుక్కుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగింది. ఆమె తన రొమ్ము మీద చెయ్యి వేసుకుని, పైకి లేపి ఊపిరి పీల్చి, కిందికి దించి వదిలి చూపించింది. ఆయాసపు మనిషి, ఆ జనంలో, అంత లోతుగా గాలి పీలుస్తోంది! ఇంతలో ఒక వలంటీరు కుర్రాడు "మాసీ, మాస్క్ పహనో!" అని పరుగెత్తుకొచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను. "ఏ...ఏ...ఏక్ మినిట్ భాయ్" అన్నాను. వాడు తోసుకుపోబోతే చేతులు చాపాను. వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన చిన్నమ్మతో పాటు ఊపిరి తీస్తున్నాడు. ఆ ఎర్ర పెదవులు ఆగాయి, తడబడ్డాయి, మెల్లగా పాటలోని మాటని అందుకున్నాయి. కోత పూర్తిచేసి ముందుకొచ్చిన ఆమె ఆయన మొహం చూడగానే కత్తెర కింద పడేసి చెయ్యి పట్టుకుంది. అప్పుడు గానీ చిన్నమ్మ వేలు దించి కూర్చోలేదు.

ఆటోలో నేను తిట్టని తిట్టు లేదు. ఆమె తాపీగా బయటికి చూస్తూ కూర్చుంది. ఆఖరికి నా వైపు తిరిగి, "ఏందే, గప్పటిసంది బుగ్గలు ఊపుతున్నవ్? మూతి మూస్కొని తిడ్తే నాకెట్ల తెలుస్తది?" అంది. మాస్కు కిందికి లాగి మళ్ళీ మొదట్నుంచి తిట్టాను. అంతా చూసి, "మంచిగ తిడ్తున్నవ్. నత్తి పోయింది" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికొచ్చాక రోజూ గోడకి చెవి ఆనించి ఆమె దగ్గు విన్నాను. జ్వరం రాలేదు. నాకూ రాలేదు. చిన్నమ్మ మళ్ళీ గల్లీ అంతా తిరిగి, కనపడ్డవాళ్ళందరినీ మాస్కు దించమని వేధిస్తూ కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది.

రెండోసారి జబ్బు విరుచుకుపడింది ఎండలు ముదిరాక. ఆ సాయంత్రానికీ దానికీ సంబంధం లేదు, మధ్యలో చాలా రోజులు గడిచాయి. అయినా ఈ మాట నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఒక మధ్యాహ్నం నా స్కాన్ గదిలోకి తోసుకొచ్చిన చక్రాల కుర్చీలో చిన్నమ్మ ఉంది. బల్ల మీద, మొహం అద్దం వైపుకి వచ్చేలా పడుకోబెట్టాను. మిషనులోంచి రికార్డు గొంతు "సాంస్ రోకియే" అంటుంది, ఆమెకి వినపడదు. అద్దం వెనక గదిలో నేనొక్కదాన్నే. మాస్కు తీసేసి అద్దానికి దగ్గరగా నిలబడి, "ఊపిరి వట్టు" అని పెదవులతో చెప్పాను. పట్టింది. "ఇడువు" అన్నాను. విడిచింది. బొమ్మ తెర మీదికి వచ్చింది. చూశాను.

తల ఎత్తేసరికి ఆమె మాస్కు దించుకుని నా వైపే చూస్తోంది. "ఎట్లున్నయే?" అని పెదవులు కదిలాయి. మంచిగనే ఉన్నయి అందామనుకున్నాను. వరండాలో ఎంతమందికి చెప్పలేదు ఆ అబద్ధం, మాస్కు చాటున! కానీ ఈమె ముందు నా నోరు బట్టబయలుగా ఉంది. "మంచిగ లేవు చిన్నమ్మా" అన్నాను. "నాకు భయమైతుంది." ఆమె భయపడకని కసురుతుందనుకున్నాను. "నాగ్గూడ" అంది. ఎన్నడూ ఆమె నోట ఆ మాట చూడలేదు. మళ్ళీ పెదవులు కదిపింది. "ఇగ భయం నా ఒక్కదానికే గాదు గదా." వార్డుబాయ్ వచ్చి ఆమెని కుర్చీలోకి ఎక్కించి తోసుకుపోయాడు. ఆ వార్డులోంచి ఆమె తిరిగి రాలేదు.

ఇప్పటికీ నా బల్ల మీద పడుకున్నవాళ్ళు సగం మంది "డర్ లగ్ రహా హై బెహన్" అంటారు. పక్కనున్న ఇంటివాళ్ళు "డరో మత్" అని ధైర్యం చెప్తారు. నేను ఆ మాట అనడం మానేశాను. "ముఝే భీ" అంటాను, చిన్నమ్మ "నాగ్గూడ" అన్నట్లు. కొందరు వింతగా చూస్తారు, ఒకావిడ అయితే పెద్ద డాక్టరుకి ఫిర్యాదు కూడా చేసింది. ఆ మాటతో వాళ్ళ భయం పోదు, నాదీ పోదు. కానీ ఊపిరి పట్టమంటే పడతారు, వదలమంటే వదులుతారు.